విస్తరికి అడ్డం పెట్టిన చెయ్యి

సున్నిపిండితో ఎంత రుద్దినా నా కూతురి మెడ వెనక నలుపు పోలేదు.

ఆదివారం తలంటు. పదేళ్ళ పిల్ల బాత్రూంలో పీట మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, కుంకుడు నురగ కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బయట ఐదేళ్ళ తమ్ముడు తువ్వాలు చుట్టుకుని తన వంతు ఎప్పుడని తలుపు బాదుతున్నాడు. జుట్టు ముందుకు వేసి మెడ రుద్దుతున్నాను. మట్టి అనుకున్నది వదలడం లేదు. ఇంకాస్త పిండి తీసుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను.

"అమ్మా, మండుతోందే! చర్మం ఊడొచ్చేట్టుంది."

"రోజూ మెడ రుద్దుకోవుగా, పేరుకుపోయింది. కదలకు."

నీళ్ళు పోసి చూశాను. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది. నలుపు అలాగే ఉంది. వేలితో తాకితే మురికిలా గరుగ్గా లేదు. మెత్తగా, మడతలు పడ్డ వెల్వెట్ గుడ్డలా ఉంది.

తల తుడిచి, సాంబ్రాణి పొగ కోసం మా అత్తగారి దగ్గరికి పంపాను. ఆవిడ హాల్లో కింద కూర్చుని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఊదడానికి ముందుకు వంగారు. ముడి పైకి చుట్టుకుని ఉన్నారు. మెడలో గొలుసు పక్కకి జారింది. ఆవిడ మెడ వెనక అదే నలుపు, అవే మెత్తటి మడతలు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. గొలుసు రాపిడికి నల్లబడిందని ఆవిడ అంటే నిజమే అనుకున్నాను. నా కూతురు వచ్చి ఆవిడ పక్కన చతికిలబడి పొగలోకి తల వంచింది. రెండు మెడలూ పక్కపక్కన కనిపించాయి.

నా కూతురి మెడలో గొలుసు లేదు.

చేతిలో తడి తువ్వాలుతో అక్కడే నిలబడిపోయాను. చిన్నవాడు బాత్రూంలోంచి "అమ్మా, నాకు చలేస్తోంది" అని అరిచేదాకా కదల్లేదు.

మా అత్తగారికి షుగరు. నా పెళ్ళి నాటికే ఉంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగే ముందు, చీర కాస్త పక్కకి జరుపుకుని పొట్ట మీద ఇన్సులిన్ పెన్ను గుచ్చుకుంటారు. ఫ్రిజ్ తలుపులోంచి ఆ పెన్ను తెచ్చి ఇచ్చే పని నా కూతురిది. ఐదేళ్ళప్పటి నుంచీ అదే చేస్తోంది. "నా నర్సమ్మే" అని ఆవిడ మనవరాలి బుగ్గలు పుణుకుతారు. ఎప్పుడూ చూసే దృశ్యమే. మర్నాడు పొద్దున పెన్ను రెండు చేతుల్లో పట్టుకుని, చిన్న చిన్న అడుగులేస్తూ హాల్లోకి వెళ్తున్న పిల్లని చూసి పాలు పొంగించేశాను. వచ్చే ఏళ్ళలో ఎప్పుడో ఒక రోజు ఆ పెన్ను తెచ్చేదీ అదే, గుచ్చుకునేదీ అదే అయితే? ఆ ప్రశ్న అప్పటి నుంచీ నన్ను వదల్లేదు.

మేముండేది గుణదలలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. మావారికి ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపు. మా అత్తగారి పుట్టిల్లు చల్లపల్లి. వరి పొలాల మధ్య పెరిగిన మనిషి. ఆవిడ లెక్కలో పిల్లల ఆరోగ్యానికి గుర్తు బుగ్గలే. "బొద్దుగా ఉంది" అంటే మెచ్చుకోలు, "చిక్కింది" అంటే తల్లికి తిట్టు. "లావు" అన్న మాట మా ఇంట్లో ఎవరూ పలకరు. లిఫ్టులో ఎవరైనా "మీ పాప ఏం తింటుందండీ, భలే ఉంది" అంటే చాలు, ఆ సాయంత్రం గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని దిష్టి తీసేస్తారు. మిరపకాయలు పొయ్యిలో వేసినా ఘాటు రాకపోతే, "చూశావా, ఎంత దిష్టి ఉందో" అంటారు. అలా ప్రతి హెచ్చరికా దిష్టిలో కలిసి పొయ్యిలోకి పోయేది.

ఇంకొక అలవాటు ఉంది. అది మా వైపు అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే కాబట్టి అలవాటని కూడా అనిపించదు. పిల్లలకి అన్నం కలిపి ముద్దలు పెట్టడం. స్కూలు బస్సు వచ్చే వేళకి నేను జడ వేస్తుంటే, మా అత్తగారు ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడతారు. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. "ఇది నాన్న ముద్ద. ఇది చిన్నతాతయ్య ముద్ద. ఇది అమ్మమ్మ ముద్ద, ఆవిడకి కోపమొస్తుంది, నోరు తెరువు." చుట్టాలందరూ అయ్యాక గిన్నె అడుగున మిగిలింది "నా ముద్ద". ఆ ఆఖరి ముద్ద వద్దనకూడదు. వద్దంటే ఆ మనిషిని వద్దన్నట్టే. రెండేళ్ళ పిల్లకి మొదలుపెట్టింది పదేళ్ళ పిల్లకీ అలాగే సాగుతోంది. పిల్ల కళ్ళు హోంవర్క్ మీదో టీవీ మీదో ఉంటాయి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

పిల్లల డాక్టరు మెడ చూడగానే నా వైపు తిరిగారు.

"రుద్దారా?"

"అవునండీ."

"ఇక రుద్దకండమ్మా, ఇది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోంది గానీ దాని పని సరిగ్గా సాగట్లేదు. ఆ సంగతి చర్మం మనకి ముందుగా చెప్తోంది."

రక్తపరీక్ష అయ్యాక మళ్ళీ వెళ్ళాం. ఆయన కాగితం పైనుంచి కింది దాకా చదివారు. మావారు కుర్చీ అంచున కూర్చున్నారు.

"షుగరు ఇంకా రాలేదు. కానీ దారిలో ఉంది. పిల్లలు కాబట్టి వెనక్కి తిప్పే అవకాశం బాగా ఉంటుంది."

"మందులేవన్నా రాయండి సార్, ఎంతైనా పర్లేదు" అన్నారు మావారు.

"అవసరమొస్తే రాస్తాను. ఇప్పుడు కావాల్సింది అది కాదు. పస్తులు పెట్టకండి, బరువు తగ్గించమని కూడా నేననట్లేదు. పిల్ల ఎత్తు పెరిగే వయసు. బరువు ఉన్నచోట ఆగితే చాలు, మిగతాది ఎత్తు చూసుకుంటుంది. రోజూ ఒళ్ళు చెమట పట్టేలా ఆడాలి. తిండి మారాలి, అదీ ఇల్లంతా మారాలి. పిల్ల ఒక్కదాన్నీ మార్చలేరు. వేసవి సెలవులయ్యాక రక్తం మళ్ళీ చూద్దాం."

పక్క గదిలో పోషకాహారం గురించి చెప్పే అమ్మాయి ఉంది. నాకన్నా చిన్నదే. బల్ల మీద ఒక మామూలు స్టీలు కంచం. అందులో సగం కూరలు, ఒక పక్క పప్పో గుడ్డో చేపో, మిగిలిన మూల అన్నం అని చూపించింది. "మనం అన్నంలో కూర కలుపుకుంటాం కదండీ. ఇక నుంచి కూరలో అన్నం కలుపుకోండి, అంతే" అంది. పాలల్లో కలిపే పొడి డబ్బాల వెనక రాసింది చదవమంది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ డబ్బా ముందువైపు బొమ్మ తప్ప వెనక ఏముందో ఎన్నడూ చూడలేదు.

తర్వాత ఆ అమ్మాయి నా కూతుర్ని అడిగింది. "పాపా, నీకు కడుపు నిండిందని ఎలా తెలుస్తుంది?"

నా కూతురు ఆలోచించింది. క్లాసులో తెలిసిన జవాబు చెప్పినంత శ్రద్ధగా చెప్పింది. "నానమ్మ గిన్నె కడిగేస్తుంది కదా, అప్పుడు."

మావారు నవ్వబోయి ఆగిపోయారు.

ఇంటికొచ్చి అన్నీ చెప్పాను. మా అత్తగారు మొత్తం విని, లేచి, ఉప్పు డబ్బా తీశారు.

"అత్తయ్యా, ఎందుకండీ ఇప్పుడు?"

"ఎందుకేంటి? ముందు ఆ డాక్టరు దిష్టి తియ్యాలి. ఎంతసేపు చూశాడో ఏంటో పిల్ల వంక!"

ఆ వారం నేను పట్టుదలగా మొదలుపెట్టాను. కూతురికి వేరే వంట. పొద్దున ఓట్సు, మధ్యాహ్నం బాక్సులో ఉడకబెట్టిన కూరముక్కలు, సాయంత్రం ఒక పుల్కా. నెయ్యి లేదు, ఆవకాయ లేదు, బిస్కెట్ల డబ్బా పై అరలోకి పోయింది. తమ్ముడు మాత్రం సన్నంగా, పుల్లలా ఉంటాడు కాబట్టి వాడికి అన్నీ మామూలే. ఒకే బల్ల దగ్గర కూర్చుని వాడు నెయ్యన్నం తింటుంటే అది ఓట్సు కలుపుతూ కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. అడగట్లేదు కదా, అలవాటు పడుతోందని సంతోషించాను.

ఒక సాయంత్రం జడ వేస్తున్నాను. పిల్ల ఏదో చెప్పబోయి వెనక్కి తిరిగింది. నోటి నుంచి ఆవకాయ వాసన. నెయ్యి వాసన కూడా.

వంటింట్లోకి వెళ్ళాను. "అత్తయ్యా, మీరు దానికి అన్నం పెడుతున్నారా?"

ఆవిడ దాచలేదు. "పెట్టకేం చెయ్యను? ఎదురుగా తమ్ముడు నెయ్యేసుకు తింటంటే ఆ పిల్ల గుటకలు మింగుతా కూర్చునుద్ది. నా కళ్ళు ఓర్చుకోవమ్మాయ్."

"డాక్టరుగారు చెప్పింది విన్నారు కదండీ."

"ఇన్నాను. ఇద్దర్నీ రెండు రకాలుగా చూడమని చెప్పలా ఆయన. ఇల్లంతా మారాలన్నాడని నువ్వేగా చెప్పావు?"

ఆవిడన్నది నిజమే. అందుకే గొంతు పెరిగింది. ఆవిడ గొంతూ పెరిగింది. "నా ముద్ద కూడా వద్దా నా మనవరాలికి? ఇంకెందుకు నేనీ ఇంట్లో?" అన్నారు. అప్పుడు గుమ్మం దగ్గర నా కూతురు. సగం వేసిన జడ, చేతిలో రిబ్బను.

"నేను వద్దంటే నానమ్మ ఏడుస్తుంది. తింటే నువ్వు ఏడుస్తావు. నేనేం చెయ్యాలి?"

అది ఏడుస్తూ అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. మా అత్తగారు పమిట చెంగుతో చేతులు తుడుచుకుని, "దా, జడేస్తా" అని రిబ్బను అందుకున్నారు.

ఆ రాత్రి ఆవిడ, నేను, మావారు కూర్చుని మాట్లాడుకున్నాం. మొదట నేను అడిగింది ఒక్కటే. "ముద్దలు పెట్టడం ఆపేద్దాం అత్తయ్యా. అది ఏం తింటుందో మనం వండుదాం. ఎంత తింటుందో దాన్నే తేల్చుకోనిద్దాం."

"దాన్ని వదిలేస్తే అసలు తింటదా?"

"ఆకలేస్తే తింటది కదమ్మా" అన్నారు మావారు.

"నువ్వూరుకో. ముప్పై ఏళ్ళొచ్చేదాకా నీకూ నేనే పెట్టా."

"అందుకేగా" అని ఆయన తన పొట్ట వంక చూసుకున్నారు. ఆవిడకి నవ్వొచ్చింది. అలా ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచి ఒక్కటే వంట. బీరకాయ పప్పు, దొండకాయ, తోటకూర, ఆదివారం చేపల పులుసు. నెయ్యి అందరికీ ఒకే చిన్న చెంచా. ఆవకాయ బల్ల మీదే, కాకపోతే జాడీ కాదు, చిన్న గిన్నె. అందరికీ ఒకేలాంటి కంచం. టీవీ ఆఫ్. గరిటె పిల్లల చేతికి. మొదటి రోజు నా కూతురు అన్నం గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఎంత పెట్టుకోవాలి?" అని నన్నడిగింది. "నాకెలా తెలుస్తుంది? కడుపు నీది" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ, అది నాలుగోసారి గరిటె ముంచినప్పుడు బల్ల కింద నా చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

చిన్నవాడికి ఇదేమీ నచ్చలేదు. "అక్కకి జబ్బయితే నాకెందుకు బీరకాయ?"

"నీకూ పొట్టుంది కాబట్టి" అంది వాళ్ళక్క.

తిండి కన్నా ఆట కష్టమైంది. స్కూలు అయిదంతస్తుల భవనం, గ్రౌండ్ లేదు. ఆటల పీరియడ్ ఉంటుంది గానీ అందులో లెక్కల స్లిప్ టెస్టు పెడతారు. అపార్ట్‌మెంటు సెల్లారులో ఆడితే కార్లకి గీతలు పడతాయని బోర్డు పెట్టారు. ఇంతకు ముందు మావారు ఆటోనగర్ నుంచి సాయంత్రాలు పునుగుల పొట్లం తెచ్చేవారు. ఒకరోజు పొట్లం బదులు పాత స్కూటర్ టైరు ఒకటి భుజానేసుకుని వచ్చారు.

"ఈ దరిద్రాన్ని ఇంట్లోకి తెస్తావేంట్రా?" మా అత్తగారు గుమ్మం దగ్గరే ఆపేశారు.

"ఇంట్లోకి కాదమ్మా, రోడ్డు మీదకి. సెలవులకి చల్లపల్లి వెళ్తే నేను దీన్ని దొర్లించుకుంటా కాలవ దాకా వెళ్ళేవాణ్ణి, గుర్తులేదా?"

పిల్లలిద్దరూ వెనక వీధిలో కర్రతో టైరు తోలడం నేర్చుకున్నారు. అది వంకరగా పోయి సైకిళ్ళకి గుద్దుకునేది. నా కూతురు దాని వెంట పరిగెత్తేది. తిట్లు తిన్నా నవ్వుతూ పరిగెత్తేది. కూతురు అలా పరిగెత్తడం నేను ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు.

మా ఇంటికి గుణదల కొండ దగ్గర. మేరీమాత గుడి మెట్లు మా బాల్కనీ నుంచి కనిపిస్తాయి. అక్కడికి అన్ని మతాల వాళ్ళూ వెళ్తారు. మా అత్తగారికీ భక్తే. "పిల్ల రక్తపరీక్ష బాగా వస్తే మెట్లెక్కి వచ్చి మొక్కు తీర్చుకుంటానని అనుకున్నా" అన్నారు ఒకరోజు.

"తీరేదాకా ఆగడమెందుకు అత్తయ్యా? ముందే ఎక్కేద్దాం. మీకూ డాక్టరు నడవమన్నారుగా."

"ముందే తీర్చేస్తే ఆ తల్లికి మన పని గుర్తుంటదా?"

"రోజూ వెళ్ళి కనపడితే మర్చిపోదు కదండీ."

ఆవిడ లేచి చెప్పులేసుకున్నారు. అలా సాయంత్రాలు మావారు షాపులో ఉండగా మేం నలుగురం మెట్లెక్కడం మొదలైంది. కొండ పైదాకా కాదు. మొదట్లో కొన్ని మెట్లకే అందరం ఆగిపోయేవాళ్ళం. ఒక్క చిన్నవాడే పైకి పరిగెత్తి, మళ్ళీ కిందికి వచ్చి మమ్మల్ని చూసి విసుక్కునేవాడు.

ఒక సాయంత్రం పైనుంచి దిగుతున్న మగపిల్లల గుంపులో ఒకడు నా కూతుర్ని చూసి, "ఒరేయ్, పక్కకి తప్పుకోండ్రా, డ్రమ్ము దొర్లితే అందరం పోతాం" అన్నాడు. అందరూ నవ్వారు. అది మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఇంక రాను. రేపు కూడా రాను. అందరూ చూస్తున్నారు." నా నోటికి వచ్చినవన్నీ పుస్తకాల్లో మాటలే. నువ్వు చక్కగా ఉన్నావు, వాళ్ళ మాటలు పట్టించుకోకు. అది వినట్లేదు.

మా అత్తగారు ఆయాసపడుతూ పక్కన కూలబడ్డారు. "నాక్కూడా రావట్లేదే. నన్నూ అన్నట్టే ఉంది, నేనింకా పెద్ద డ్రమ్ముని. ఇద్దరం ఇక్కడే కూర్చుందాం. ఇందాక ఆ కూసినోడి బొత్తాలు చూశావా? ఒకటి పైది, ఒకటి కిందది. చొక్కా వేసుకోడం రాదు గానీ మాటలు."

పిల్ల ముక్కు ఎగబీల్చింది. కాసేపటికి, "నానమ్మా, చీకటి పడుతోంది, లే" అని చెయ్యి అందించింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని లేచి కిందికి తిరగబోయారు. నా కూతురు మాత్రం పైకి లాగింది. ఆ రోజు ఎప్పుడూ ఆగే చోటు దాటి ఎక్కారు.

అన్నీ ఇలాగే సాగాయని కాదు. పరీక్షల రోజుల్లో మెట్లు మానేశాం. స్కూల్లో స్నేహితురాలి పుట్టినరోజుకి కేకు ఎక్కువ తిని వచ్చి, నేను అడక్కుండానే చెప్పేసింది. తిట్టలేదు. చెప్పింది కదా, అది చాలనుకున్నాను. మామిడిపళ్ళ కాలం వచ్చింది. బుట్టెడు రసాలు బల్ల కింద పెట్టుకుని తినొద్దని చెప్పడం ఏ తల్లికి సాధ్యం? భోజనమయ్యాక కాకుండా ఆడి వచ్చాక ఒక పండు అనుకున్నాం. మా అత్తగారికైతే సగమే. ఆ సగం ఏది పెద్దదని రోజూ మనవడితో తగాదా. లిఫ్టులో పైఅంతస్తు ఆవిడ ఒకసారి, "పాప చిక్కిపోయిందేంటండీ, ఒంట్లో బాలేదా?" అని బాధపడింది. నేను మా అత్తగారి వంక చూశాను. ఆవిడ నోరు తెరిచి, మూసి, "ఎత్తు పెరుగుతోందండీ" అన్నారు. ఆ సాయంత్రం ఉప్పు డబ్బా తియ్యలేదు.

సెలవులయ్యాయి. రక్తపరీక్ష చేయించాల్సిన రోజుకి సరిగ్గా ముందు రోజు చల్లపల్లిలో గృహప్రవేశం పడింది. మా అత్తగారి తమ్ముడిది. నా పిల్లలు చిన్నతాతయ్య అని పిలిచే మనిషి. మానేద్దామా అని మావారు అడిగారు. నాకూ అదే అనిపించింది. నెలల కష్టం ఒక్క విందులో కొట్టుకుపోతుందేమో, ఆ విందే రేపటి కాగితం మీద కనబడుతుందేమో అని భయం. కానీ ఎన్ని విందులు మానగలం? ఈ గడ్డ మీద పుట్టిన పిల్ల ఇక్కడి బంతుల్లో కూర్చుని భోంచెయ్యడం నేర్చుకోవాలి. వెళ్దామన్నాను.

చల్లపల్లి వాళ్ళ వడ్డన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ "చాలు" అన్న మాటకి "ఇంకొంచెం" అని అర్థం చేసుకుంటారు. నిజంగా చాలనుకునేవాళ్ళు రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాలి. అప్పుడు కూడా వేళ్ళ సందుల్లోంచి ఒకటి జారవిడవకపోతే వడ్డించేవాడికి పరువు తక్కువ. పెద్దవాళ్ళే ఓడిపోయే ఆట అది. పిల్లలకి అడ్డం పెట్టే హక్కు కూడా లేదు.

నా కూతురు నాకూ మా అత్తగారికీ మధ్య కూర్చుంది. అరిటాకు నిండా వంటలు. గుత్తొంకాయ ముందు తింది. పప్పు, పులుసు, అన్నం తింది. పూర్ణం బూరె వేస్తే బొటనవేలితో మధ్యలో గుంట చేసి, నెయ్యి పోయించుకుని, కళ్ళు మూసుకుని తింది. ఆ ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. అంత ఇష్టంగా తినడం కూడా కొత్తే. ఇదివరకు ఏం తింటోందో దానికే తెలిసేది కాదు.

అప్పుడు చిన్నతాతయ్య బూరెల పళ్ళెంతో వచ్చారు. చొక్కా చేతులు మడిచి, చెమటతో, ఆనందంతో వెలిగిపోతున్నారు.

"ఏమే బొద్దమ్మా! ఒక్కటేనా తిన్నది? ఇదిగో, ఇది నా బూరె. నా పేరు మీద తినాలి."

నా కూతురు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు తాతయ్యా. కడుపు నిండింది."

"చెయ్యి తియ్యవే, నెయ్యి కాలుద్ది! కొత్తింట్లో మొదటి బంతి, తాతయ్య మాట కాదంటావా?"

బంతిలో అందరూ చూస్తున్నారు. ఎవరో, "ఆ పిల్ల వద్దనడమేంటి, విడ్డూరం" అని నవ్వారు. నా కూతురి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు. నా నాలుక చివర దాకా మాట వచ్చింది, మింగేశాను. నేను కల్పించుకుంటే అది నా మాట అయిపోతుంది. పిల్ల నా వైపు చూడలేదు కూడా. నానమ్మ వైపు చూసింది.

మా అత్తగారు నోట్లో ముద్ద నిదానంగా మింగారు. "కడుపు నిండిందని చెప్తోంది కదరా. దాని కడుపు సంగతి నీకెక్కువ తెలుసా? పక్క విస్తరి చూసుకో, ఫో."

"ఓహో! అయితే దాని వాటా నువ్వు తినక్కా" అని ఆయన బూరె ఆవిడ విస్తరి మీదికి తెచ్చారు.

ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"నాకూ చాల్రా."

ఆయన నిజంగానే బిత్తరపోయారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళక్క ఆ మాట అనడం వినలేదట. తర్వాత చేతులు కడుక్కునే చోట మావారితో, "ఏంట్రా, అక్కకి ఒంట్లో ఎట్లా ఉంది?" అని రహస్యంగా అడిగారట కూడా.

సాయంత్రం కారులో తిరిగి వస్తుంటే పిల్లలిద్దరూ నిద్రపోయారు. నా కూతురి తల మా అత్తగారి ఒళ్ళో ఉంది. ఆవిడ దాని జుట్టు పక్కకి తీసి, మెడ వెనక బొటనవేలితో మెల్లగా రాశారు. "కాస్త తగ్గినట్టు లేదూ?" అన్నారు. నాకేమీ తేడా కనబడలేదు. ఆ నలుపు పోవడానికి చాలాకాలం పడుతుందని డాక్టరు ముందే చెప్పారు. "ఏమోనండీ, చీకటిగా ఉంది" అన్నాను.

ఇది మరుసటి రోజు రాత్రి రాస్తున్నాను. ఇవాళ పొద్దున రక్తం ఇచ్చి వచ్చాం. కాగితం ఇంకా చేతికి రాలేదు. అందుకే ఇప్పుడే రాసి పెట్టుకుంటున్నాను. కాగితం చూశాక రాస్తే అది నా చేత ఇంకోలా రాయించవచ్చు.

పొద్దున పిల్లలిద్దరూ తయారై గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నారు. పరగడుపునే వెళ్ళాలి. చిన్నవాడికి పరీక్ష లేకపోయినా, అక్క తినకుండా తనూ తిననన్నాడు. మా అత్తగారు కాఫీ ముందు పెన్ను కోసం ఎదురుచూస్తున్నారు. నా కూతురు ఒక కాలికి చెప్పుతోనే లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ తెరిచి, పెన్ను తెచ్చి ఇచ్చింది. తిరిగొచ్చి నా పక్కన నిలబడి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అమ్మా, ఎక్కువొస్తే నాకూ ఇలాంటి పెన్ను ఇస్తారా?"

ఇన్ని నెలలుగా ఆ ప్రశ్న నా ఒక్కదాని కడుపులోనే ఉందనుకున్నాను.

గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చున్నాను, ఇద్దరి ముఖాలూ నా ముఖానికి ఎదురుగా ఉండేలా. ఇద్దరికీ కలిపే చెప్పాను.

"తెలీదమ్మా. ఇవ్వరని ఒట్టేసి చెప్పలేను. ఇది స్కూలు పరీక్ష కాదు, ఇందులో పాసూ ఫెయిలూ లేవు. ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా సాయంత్రం మనం మెట్లెక్కుతాం. రాత్రికి దొండకాయ కూర, అందరికీ ఒకటే. పెన్ను సంగతి డాక్టరుగారు చూసుకుంటారు, అన్నం సంగతి మనం చూసుకుందాం. నిన్న నువ్వు చాలన్నావు చూడు, ఆ మాట అనడానికి నన్ను అడగక్కర్లేదు, నానమ్మని అడగక్కర్లేదు. ఒరేయ్, నువ్వు కూడా. పదండి, ఇవాళ నేనూ పరీక్ష చేయించుకుంటున్నాను. ముందు నేను సూది గుచ్చించుకుంటాను, తర్వాత అక్క."